ఫుల్ హెచ్‌డీ టీవీకి 4కె బాక్స్ పెడితే ఉపయోగం ఉంటుందా?

మునేరు_గట్టు

అందరికీ నమస్తే. ఖమ్మంలో మా ఇంట్లో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్మార్ట్ టీవీ ఉంది. బొమ్మకి ఏ ఢోకా లేదు, ప్యానెల్ ఇప్పటికీ బాగానే ఉంది, కానీ లోపలి స్మార్ట్ వ్యవహారమే మూలన పడింది. యూట్యూబ్ తెరుచుకోవడానికే బోలెడు సేపు పడుతోంది, కొన్ని ఓటీటీ యాప్‌లకి అప్‌డేట్లు ఆగిపోయాయి, ఒకటైతే ఈ టీవీలో ఇక పనిచెయ్యదని తేల్చి చెప్పేసింది. టీవీ ఇప్పట్లో మార్చేది లేదు, రెండు మూడేళ్లు పోయాక చూద్దాం అంటున్నారు నాన్న. అందుకని హెచ్‌డీఎంఐకి పెట్టుకునే స్టిక్కో బాక్సో కొందామని చూస్తున్నాం.

ఇక్కడే పేచీ వచ్చింది. తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి 4కె తప్ప వేరేది కొనొద్దు, ఫుల్ హెచ్‌డీ కాలం అయిపోయింది అంటాడు. మా బావ, టీవీయే 1080 అయినప్పుడు 4కెకి డబ్బులు తగలెయ్యడం ఎందుకు అంటాడు. బజార్లో షాపతనేమో డబ్బా మీద 8కె అని ఇంత లావు అక్షరాలున్న బాక్స్ చూపించి రెండు వేలకిస్తా, ఓటీటీలన్నీ ఉచితంగా వస్తాయి అన్నాడు.

వాడేది ఎక్కువగా అమ్మా నాన్నా. పొద్దున వార్తలు, క్రికెట్, యూట్యూబ్‌లో పాత సినిమాలు, సాయంత్రం సీరియళ్లు. నేను ఇంటికెళ్లినప్పుడు నెట్‌ఫ్లిక్స్, 499 ప్లాన్. నెట్ 50 ఎంబీపీఎస్ ఫైబర్. రూటర్ ముందు గదిలో, టీవీ హాల్లో, మధ్యలో ఒక గోడ. సోఫా టీవీకి పది అడుగుల దూరం. బడ్జెట్ ఆరు వేల లోపు. రిజల్యూషన్ సంగతి ఒకటి తేల్చండి, అది కాకుండా ఇంకేం చూసుకుని కొనాలో కూడా చెప్పండి ప్లీజ్.

తీగల_పెట్టె

బొమ్మ వరకు మీ బావగారి మాటే కరెక్ట్ అండి. ఫుల్ హెచ్‌డీ ప్యానెల్‌లో ఉండేవి 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెళ్లు. 4కె అంటే 3840 అడ్డం, 2160 నిలువు, అంటే సరిగ్గా నాలుగు రెట్లు. బాక్స్ ఎంత గొప్పదైనా టీవీలో లేని పిక్సెళ్లు ఎక్కడి నుంచి తెస్తుంది? 4కె బాక్స్‌ని మీ టీవీకి పెడితే అది టీవీని అడిగి, 1080 అని తెలుసుకుని, 1080 లోనే పంపుతుంది. పాడవదు, గొడవ పెట్టదు, కానీ అదనంగా ఒక్క చుక్క కూడా కనిపించదు.

సరే, రేపు 4కె టీవీ కొన్నారనుకుందాం. అప్పుడైనా పది అడుగుల దూరం నుంచి తేడా ఎంత తెలుస్తుందో లెక్క వేసుకోవచ్చు. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వరకు విడదీసి చూడగలదు అని కంటి డాక్టర్ల లెక్క. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక్కో పిక్సెల్ అర మిల్లీమీటర్ ఉంటుంది. ఆ లెక్కన దాదాపు ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య తేడా కన్ను పట్టదు. 55 అంగుళాలైతే ఆ దూరం ఏడడుగులు, 65 అయితే ఎనిమిదిన్నర. అంటే మీ సోఫా అక్కడే ఉంటే 65 అంగుళాల తెర తెచ్చినా, ఒక్క పిక్సెళ్ల సంఖ్య వల్లే వచ్చే లాభం చాలా తక్కువ. షోరూంలో మూడడుగుల దూరంలో నిలబెట్టి చూపిస్తారు కాబట్టి అక్కడ కళ్లు చెదురుతాయి, ఇంటికొచ్చి సోఫాలో కూర్చున్నాక ఆ తేడా ఏమైందా అని వెతుక్కుంటారు.

దీనికి తోడు 4కె అనేది ఒక్క బాక్స్‌తో అయ్యే పని కాదు. ప్లాన్ కావాలి. నెట్‌ఫ్లిక్స్‌లో మీ 499 ప్లాన్‌కి 1080 వరకే ఇస్తారు, 4కె కావాలంటే 649 ప్లాన్. 199 ప్లాన్ అయితే 720 దగ్గరే ఆగిపోతుంది, టీవీ ఎంత పెద్దదైనా సరే. నెట్ స్పీడ్ 15 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు హెచ్‌డీసీపీ 2.2 అనే తాళాన్ని ఒప్పుకోవాలి, లేకపోతే డబ్బులు కట్టి చూసే యాప్‌లు 4కె ఇవ్వవు. పాత 4కె టీవీల్లో ఉన్న మూడు నాలుగు పోర్టుల్లో ఒకటో రెండో మాత్రమే దానికి పనికొచ్చేవి, మిగతావాటిలో పెడితే 1080 తోనే సరిపెడతాయి. అది తెలియక బాక్స్ బాలేదని తిరిగి పంపించేసిన వాళ్లని చూశాను. సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అనీ, సామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనీ ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే గానీ కొన్ని పోర్టులు పూర్తి సిగ్నల్ తీసుకోవు.

ఇక బాక్స్‌కి నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటి వాళ్ల అనుమతి ఉండాలి. వైడ్‌వైన్ అనే కాపలా సాఫ్ట్‌వేర్‌లో ఎల్1 అనే స్థాయి ఉంటేనే ఆ యాప్‌లు హెచ్‌డీ, 4కె ఇస్తాయి. ఎల్3 ఉంటే 480 మించి రాదు. మీ షాపతను చూపించిన 8కె డబ్బాలో చాలావరకు ఉండేది ఆ రెండోదే. 8కె అని రాసుంటుంది, తీరా నెట్‌ఫ్లిక్స్ పెడితే పాత డీవీడీలా మసక బొమ్మ. దాన్ని కొనకండి.

బీచ్‌రోడ్డు_విశాఖ

పైన అన్న చెప్పిన లెక్కలు కరెక్టే, కానీ దాన్ని బట్టి ఫుల్ హెచ్‌డీ స్టిక్ కొనమంటే మాత్రం నేను ఒప్పుకోను. 4కె బాక్స్ కొనమనేది పిక్సెళ్ల కోసం కాదు, లోపలున్న సరుకు కోసం.

అమెజాన్ వాళ్ల ఫైర్ టీవీ స్టిక్ హెచ్‌డీ చూడండి, 1 జీబీ ర్యామ్. స్టిక్ 4కె రెండో తరం, 4కె మ్యాక్స్ రెండూ 2 జీబీ. ఆ ఒక్క జీబీ తేడా ఏంటో నాలుగు యాప్‌లు వేసుకున్న ఏడాదికి తెలుస్తుంది. ఒక యాప్‌లోంచి ఇంకో యాప్‌లోకి వెళ్లి వెనక్కొస్తే సినిమా మొదటి నుంచి లోడ్ అవడం, రిమోట్ నొక్కితే ఆలోచించుకుని కదలడం, ఇంట్లో పెద్దవాళ్లు అది పనిచెయ్యలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కడం, అది కాస్తా ఇంకెక్కడికో పోవడం. మీ టీవీ ఇప్పుడు చేస్తున్న పని అదే కదా, ఇంకో స్లో పెట్టె తెచ్చి దాని పక్కన పెడితే ఏం సుఖం?

అలా అని 4కె అని రాసున్న ప్రతిదాంట్లోనూ ర్యామ్ ఎక్కువ ఉంటుందనుకోకండి. 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కె సెలెక్ట్‌లో మళ్లీ 1 జీబీయే. పైగా అందులో ఆండ్రాయిడ్ పునాది లేదు, వేగా ఓఎస్ అని అమెజాన్ వాళ్లు కొత్తగా తయారు చేసుకున్నది. బయటి యాప్‌లు మనంతట మనం ఎక్కించుకునే వీలు దాంట్లో లేదు. తెలుగు యాప్‌లు వాడేవాళ్లు కొనే ముందే ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, మీకు కావలసినవి అందులో దొరుకుతాయో లేదో యాప్ స్టోర్‌లో చూసుకుని అప్పుడు కొనండి.

ఇంకోటి కోడెక్. వీడియోని కుదించి పంపే పద్ధతి అన్నమాట. పాతది హెచ్.264, తర్వాత హెచ్‌ఈవీసీ, వీపీ9, ఇప్పుడు ఏవీ1. కొత్త పద్ధతుల్లో అదే బొమ్మ తక్కువ డేటాలో వస్తుంది, అంటే 50 ఎంబీపీఎస్ లైన్ గోడ దాటొచ్చేసరికి సన్నబడినా బొమ్మ ముక్కలవకుండా నిలబడుతుంది. యూట్యూబ్ 4కె అసలు హెచ్.264లో ఇవ్వనే ఇవ్వదు, వీపీ9 లేదా ఏవీ1 లోనే. 2018లో ఖరారైన ఏవీ1 ఇప్పుడు యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ రెండూ వాడుతున్నాయి. బాక్స్ చిప్‌లోనే ఏవీ1 విప్పే ఏర్పాటు ఉందా లేదా అన్నది నా దృష్టిలో 4కె అనే ముద్ర కన్నా ముఖ్యం. గూగుల్ వాళ్లదే ఉదాహరణ తీసుకోండి. 2020లో వచ్చిన 4కె క్రోమ్‌కాస్ట్‌కి ఏవీ1 లేదు, 2022లో వచ్చిన చవక హెచ్‌డీ క్రోమ్‌కాస్ట్‌కి ఉంది! అంటే పిక్సెళ్లలో చిన్నది, కోడెక్‌లో ముందుంది. ఆ రెండూ ఆపేశారు కాబట్టి ఇప్పుడు వెతుక్కోకండి, విషయం అర్థం కావడానికి చెప్పాను.

ఫైర్ స్టిక్ 4కె రెండో తరం, 4కె మ్యాక్స్ రెండింటికీ ఏవీ1 ఉంది. నా ఓటు మీ తమ్ముడికే, కాకపోతే అతను చెప్పిన కారణానికి కాదు.

తీగల_పెట్టె

ర్యామ్ విషయంలో మీతో వాదన లేదు. నేను ఫుల్ హెచ్‌డీ కొనమని కూడా అనలేదు, 4కె అనే అంకె చూసి బొమ్మ మారిపోతుందని ఆశపడొద్దు అంటున్నానంతే.

నిజంగా కంటికి తెలిసే తేడా హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీ రంగుల్నీ ఎక్కువ మెట్లలో చూపించే పద్ధతిలో ఉంటుంది. దూరంతో సంబంధం లేకుండా తెలుస్తుంది. మామూలు వీడియోలో ఒక్కో రంగుకి 256 మెట్లు, హెచ్‌డీఆర్10లో 1024 మెట్లు. చీకటి సీన్లలో ఆకాశం మీద చారలు చారలుగా కనిపిస్తుంది చూడండి, అది మెట్లు తక్కువవడం వల్లే. కానీ దానికి టీవీకి వెలుగు ఉండాలి. చవక 4కె టీవీలు డబ్బా మీద హెచ్‌డీఆర్ అని రాసుకుంటాయి, సిగ్నల్ తీసుకుంటాయి, చూపించడానికి కావలసిన కాంతి మాత్రం ప్యానెల్‌లో ఉండదు. దాంతో మామూలు బొమ్మ కన్నా చీకటిగా కనిపిస్తుంది. అలాంటి టీవీకి హెచ్‌డీఆర్ ఆపేస్తేనే బాగుంటుంది. మంచి టీవీకి కూడా బాక్స్‌లో హెచ్‌డీఆర్ ఎప్పుడూ ఆన్ అని పెట్టకండి, వీడియోని బట్టి మారేట్టు పెట్టండి. లేకపోతే వార్తల్లో యాంకర్ మొహం కూడా సున్నం కొట్టినట్టు వస్తుంది.

మునేరు గారూ, మీ టీవీ పాత ఫుల్ హెచ్‌డీ కాబట్టి ఇది మీకు ఇప్పుడు వర్తించదు, టీవీ మార్చే రోజుకి గుర్తుంచుకోండి.

మునేరు_గట్టు

చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. 8కె డబ్బా సంగతి వదిలేశాం. ఇంకో మూడు విషయాలు అడుగుతా. పక్కింటి వాళ్ల దగ్గర ఒక స్టిక్ తెచ్చి రెండు రోజులు పెట్టి చూశాం. వార్తల ఛానెళ్లలో కింద స్క్రోలింగ్ అక్షరాలు సాఫీగా పోకుండా గిజగిజలాడుతూ పోతున్నాయి, క్రికెట్‌లో బాల్ కూడా అంతే. నాన్న అది నెట్ ప్రాబ్లం అంటున్నారు, నాకైతే అలా అనిపించట్లేదు. రెండోది, యూట్యూబ్‌లో పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలు పెడితే మనుషులందరూ పొట్టిగా లావుగా సాగిపోయి కనిపిస్తున్నారు. మూడోది, ఓటీటీలో సినిమా పెడితే మాటలు వినపడవు, పాటలూ ఫైట్లూ రాగానే ఇల్లు ఎగిరిపోయేంత సౌండ్. ఇది బాక్స్ లోపమా, టీవీ లోపమా?

యాభై_హెర్ట్జ్

ఎట్టకేలకు ఎవరో ఈ ప్రశ్న అడిగారు. 4కె గురించి వేసే ప్రశ్నల్లో పదో వంతు కూడా దీని గురించి రావు, కానీ రోజూ కళ్లకి కనిపించేది ఇదే.

స్క్రోలింగ్ గిజగిజకి కారణం నెట్ కాదు. మన దేశంలో టీవీ ప్రసారాలన్నీ 50 హెర్ట్జ్ లెక్కన నడుస్తాయి. అంటే సెకనుకి 50 సార్లు బొమ్మ మారుతుంది, లేదా 25 పూర్తి ఫ్రేములు. అమెరికాలో అది 60. ఈ స్టిక్కులు పెట్టగానే మామూలుగా 60 హెర్ట్జ్‌లో సెట్ అయిపోతాయి. 50 వచ్చేదాన్ని 60లో చూపించాలంటే ప్రతి సెకనులో కొన్ని ఫ్రేముల్ని రెండోసారి చూపించాలి. అక్షరాలు నున్నగా ఒకే వేగంతో కదలాల్సిన చోట ఒక అడుగు వేసి ఆగి మళ్లీ వేసినట్టు ఉంటుంది. సినిమాల్లో కూడా అదే గొడవ, సినిమా సెకనుకి 24 ఫ్రేములు, దాన్ని 60లో సర్దడానికి ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపిస్తారు. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లో చూడండి, చెట్లూ స్తంభాలూ కుదుపుతో కదులుతాయి.

దీనికి మందు బాక్స్‌లోనే ఉంది. ఫైర్ టీవీలో డిస్‌ప్లే సెట్టింగుల్లో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది, ఆన్ చెయ్యండి. యాపిల్ టీవీలో మ్యాచ్ కంటెంట్ అన్న దాని కింద మ్యాచ్ ఫ్రేమ్ రేట్. ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ బాక్సుల్లో కొత్త వెర్షన్లలో ఇలాంటిదే ఉంటుంది. వీడియో మారినప్పుడు తెర ఒక్క క్షణం నల్లగా అయి మళ్లీ వస్తుంది, అది లోపం కాదు, టీవీ కొత్త వేగానికి మారుతోందని అర్థం. అన్ని యాప్‌లూ ఈ సెట్టింగ్‌ని పట్టించుకోవు, అప్పుడు చేత్తోనే 1080పి 50 హెర్ట్జ్ అని పెట్టెయ్యండి. మీ ఇంట్లో వాడకం వార్తలు, క్రికెట్, సీరియళ్లు కదా, మీకు 50 పెట్టి వదిలెయ్యడమే నయం. బాక్స్ కొనే ముందు ఈ ఒక్కటి ఉందో లేదో కనుక్కోండి, నేనైతే 4కె లేకపోయినా కొంటాను గానీ ఇది లేకపోతే కొనను.

ఇంకో మాట. కుదుపు తగ్గించడానికి కొంతమంది టీవీలో ఉండే మోషన్ స్మూతింగ్ ఆన్ చేస్తారు. మధ్యలో లేని ఫ్రేముల్ని టీవీయే ఊహించి తయారు చేస్తుంది, దాంతో సినిమా కాస్తా సీరియల్ షూటింగ్‌లా తయారవుతుంది. క్రికెట్‌కి ఉంచుకుంటే ఉంచుకోండి, సినిమాకి మాత్రం ఆపెయ్యండి. ఈ బాధ పడలేకే 2019లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ప్రకటించి, ఆ తర్వాత టీవీల్లో తీసుకొచ్చారు, అది పెడితే ఇవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. మీది పాత టీవీ కాబట్టి విడివిడిగా ఆపుకోవాలి.

పాత సినిమాలు సాగడం టీవీ పని. నలుపు తెలుపు సినిమాలు దాదాపు చతురస్రంలా ఉండే 4:3 ఆకారంలో తీసినవి. మన తెర 16:9. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే తెర వృథా అవుతోందని ఎవరో టీవీలో స్ట్రెచ్ పెట్టి ఉంటారు. పిక్చర్ సైజ్‌లో 16:9 లేదా ఒరిజినల్ పెట్టండి. అప్పటికీ సాగితే, ఆ వీడియో ఎక్కించినవాళ్లే సాగదీసి ఎక్కించారన్నమాట, దానికి ఏ బాక్సూ ఏమీ చెయ్యలేదు. అలాంటి సినిమాలు చాలావరకు 480 లోనే ఉన్నాయి కూడా, కొన్నిచోట్ల 4కె అని పేరు పెట్టి అదే పాత టేపు కాపీని పెద్దది చేసి ఎక్కిస్తున్నారు. మనవాళ్ల పాత సినిమాలకి నెగెటివ్ నుంచి సరిగ్గా స్కాన్ చేసిన కాపీ దొరికితే, 1080 అయినా సరే, ఎంత బాగుంటుందో! ఆ రోజుల్లో కెమెరా పనితనం, సెట్ల మీద చెక్కడాలు, చీరల అంచులు, అన్నీ ఫిల్మ్ మీద ఉన్నాయి, మన దాకా రావట్లేదు అంతే.

సౌండ్ సంగతి. ఓటీటీలు చాలా సినిమాలకి 5.1 సౌండ్, అంటే ఆరు స్పీకర్లకి విడివిడిగా ఉండేది పంపుతాయి. అందులో మాటలు మధ్య స్పీకర్‌కి వెళ్తాయి. టీవీకి ఉండేది రెండు స్పీకర్లే కాబట్టి అన్నీ కలిపి అందులో దూర్చేసరికి మాటలు కిందపడిపోతాయి. బాక్స్ ఆడియో సెట్టింగుల్లో ఆటో, డాల్బీ అన్నవి తీసేసి స్టీరియో లేదా పీసీఎం పెట్టండి. యాప్‌లో ఆడియో ఎంచుకునేచోట తెలుగు 5.1, తెలుగు అని రెండుంటే రెండోది. టీవీలో నైట్ మోడ్ లాంటిది ఉంటే అది కూడా. రేపు సౌండ్‌బార్ కొంటే మాత్రం హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పోర్టుకి పెట్టి మళ్లీ ఆటో చేసుకోండి.

డాలస్_తెలుగు

ఈ చర్చ చూసి నాకూ ఒక డౌట్ తీరింది, ఇండియా వచ్చినప్పుడల్లా మా నాన్నగారింట్లో స్క్రోలింగ్ ఎందుకు అలా ఉంటుందా అనుకునేవాణ్ణి. ఇక్కడ అంతా 60 కాబట్టి ఎప్పుడూ తెలియలేదు.

సంక్రాంతికి వస్తూ ఇక్కడి నుంచి బాక్స్ పట్టుకెళ్దాం అనుకునేవాళ్లకి ఒక మాట. రోకు లాంటివి తీసుకెళ్లకండి. యాప్ స్టోర్ అకౌంట్ దేశాన్ని బట్టి నడుస్తుంది, ఇక్కడ దొరికేవి అక్కడ చూపించవు, అక్కడివి ఇందులో ఉండవు, వారంటీ కూడా పనికిరాదు. ఎన్‌విడియా షీల్డ్ టీవీ ప్రో గురించి చాలామంది అడుగుతారు. 2019 నాటి మోడల్ అయినా 720, 1080 వీడియోని 4కెకి పెంచి చూపించడంలో ఇప్పటికీ చాలా మంచి పనితనం ఉంది. ఇంట్లో హార్డ్ డిస్క్ నిండా సినిమాలున్నవాళ్లకి అది కరెక్ట్. కానీ ఏవీ1 విప్పే చిప్ అందులో లేదు, 1080 టీవీకి ఆ పెంచే పనితో అవసరమే లేదు. మునేరు గారి బడ్జెట్‌కీ అందదు.

నాకు ఇక్కడ 65 అంగుళాల 4కె టీవీ ఉంది, ఆరడుగుల దూరంలో కూర్చుంటాను. ఒకే సినిమాని ఓటీటీలో 4కెలోనూ, 4కె బ్లూరే డిస్క్‌లోనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా ఉంది. వర్షం సీన్లలో, పొగ సీన్లలో, జాతర జనంలో ఓటీటీ బొమ్మ కాస్త మెత్తబడుతుంది. రెండూ 3840 పిక్సెళ్లే! ఓటీటీకి పదిహేను ఇరవై ఎంబీపీఎస్ చుట్టుపక్కల వస్తుంది, డిస్క్‌లో 128 దాకా వెళ్లే వీలుంది. మామూలు 1080 బ్లూరేకే వీడియో 40 దాకా ఇస్తారు, అది ఓటీటీ 4కెతో సమానంగా నిలబడిన సీన్లు చాలా చూశాను. అందుకే పిక్సెళ్ల సంఖ్య ఒక్కటే చూసి క్వాలిటీ అనుకోవడం నాకు నచ్చదు. ఎవరైనా 4కె అంటే నేను ముందు అడిగేది ఎన్ని ఎంబీపీఎస్ అని.

రూటర్_పక్కన

పైన ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి చెప్తున్నా, ఆ "ఓటీటీలన్నీ ఉచితం" బాక్సుల గురించి. బొమ్మ మసకగా రావడం అందులో చిన్న సమస్య. అసలు ప్రమాదం వేరే.

2023లో హ్యూమన్ సెక్యూరిటీ అనే సంస్థ బ్యాడ్‌బాక్స్ అనే వ్యవహారాన్ని బయటపెట్టింది. పేరూ ఊరూ లేని చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లోకి, మన చేతికి రాకముందే, తయారీ దారిలోనే దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి పంపుతున్నారని తేలింది. మనం ఏమీ నొక్కక్కర్లేదు, ఏ తప్పూ చెయ్యక్కర్లేదు, ప్లగ్ పెట్టి వైఫై ఇస్తే చాలు. మన నెట్ కనెక్షన్‌ని వేరేవాళ్లకి అద్దెకిస్తుంది, వెనకాల ప్రకటనల మీద దొంగ క్లిక్కులు కొడుతుంది. అంటే ఎవడో చేసిన మోసం మన ఇంటి ఐపీ అడ్రస్ మీద నుంచి జరిగినట్టు కనిపిస్తుంది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దీని రెండో విడత గురించి హెచ్చరిక ఇచ్చింది, జూలైలో గూగుల్ కోర్టులో కేసు వేసింది. కోటికి పైగా పరికరాలు సోకాయని గూగుల్ చెప్పింది.

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోతుందనుకోవద్దు, అది సిస్టమ్ లోపలే ఉంటుంది. అదే వైఫై మీద నాన్నగారి ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ ఉంటాయి, అలాంటి పెట్టెని ఆ ఇంట్లో పెట్టడం దేనికి? గుర్తుపట్టడం కష్టం కాదు. హోమ్ స్క్రీన్ ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో ఉన్నట్టు ఐకాన్ల వరసతో ఉండి, యాప్‌లు వేసుకోవడానికి ప్లే ప్రొటెక్ట్ అనే గూగుల్ కాపలాని ఆపెయ్యమని అడిగిందంటే దాన్ని పీకి పక్కన పడెయ్యండి. పేరున్న కంపెనీ, గూగుల్ టీవీ లేదా ఆండ్రాయిడ్ టీవీ అనుమతి ఉన్నది, లేదా ఫైర్ టీవీ, ఇవే కొనండి. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే బాక్స్ మీ ప్లాన్‌లో వస్తుందేమో కూడా అడిగి చూడండి, విడిగా కొనే పనే ఉండకపోవచ్చు. కాకపోతే కనెక్షన్ మారిస్తే ఆ బాక్స్ కూడా పోతుంది.

మునేరు_గట్టు

అందరికీ పేరుపేరునా థాంక్స్. యాభై హెర్ట్జ్ అన్నా, మీరు చెప్పినట్టు పక్కింటి స్టిక్‌లో 1080పి 50 పెట్టాను, స్క్రోలింగ్ నీళ్లలా పోతోంది! నాన్న రిమోట్ పట్టుకుని ఛానెళ్లు తిప్పి తిప్పి చూశారు. స్టీరియో పెట్టాక అమ్మకి మాటలు వినపడుతున్నాయి. పాత సినిమా కూడా సరిగ్గా వస్తోంది, పక్క పట్టీలు చూసి నాన్న మొదట గొణిగారు గానీ మనుషులు మనుషుల్లా ఉన్నారని ఒప్పుకున్నారు.

2 జీబీ ర్యామ్, ఏవీ1 ఉన్న 4కె స్టిక్కే తీసుకుంటున్నాం, బడ్జెట్‌లోనే వస్తోంది. నెట్‌ఫ్లిక్స్ ప్లాన్ మాత్రం 649కి మార్చను, 499 తోనే ఉంటాను. చివరి ప్రశ్న, స్టిక్‌ని టీవీ వెనకున్న యూఎస్‌బీ పోర్టుకి పెడితే కరెంటు సరిపోతుందా? ప్లగ్ పాయింట్ దూరంగా ఉంది. రిమోట్లు కూడా రెండయ్యాయి, అమ్మకి కన్‌ఫ్యూజన్.

తీగల_పెట్టె

యూఎస్‌బీకి పెట్టకండి. పాత టీవీల్లో ఆ పోర్టు 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్ ఇచ్చేలా ఉంటుంది, స్టిక్‌కి ఇచ్చిన అడాప్టర్ చూడండి, దానికి రెట్టింపు ఉంటుంది. పెడితే ఆన్ అవుతుంది, బాగానే ఉందనిపిస్తుంది, 1080 వీడియో పెట్టాక మధ్యలో రీస్టార్ట్ అవుతుంది, నెట్ మీదో స్టిక్ మీదో అనుమానం వస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వేసుకుని అడాప్టర్‌తోనే ఇవ్వండి. డబ్బాలో చిన్న హెచ్‌డీఎంఐ తీగ ముక్క ఉంటుంది, స్టిక్‌ని దానికి తగిలించి టీవీ వెనక నుంచి కాస్త బయటకి వచ్చేట్టు పెట్టండి, గోడ అవతల రూటర్ కాబట్టి వైఫై మెరుగ్గా అందుతుంది. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు వేరేగా ఉంటే ముందు దానికి కలిపి చూడండి, గోడ మరీ మందంగా ఉండి సిగ్నల్ పడిపోతుంటే 2.4 కి మారండి, మీ 1080కి 5 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు.

రిమోట్‌కి, టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చెయ్యండి. సామ్‌సంగ్ అయితే ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ అయితే సింప్‌లింక్ అని, సోనీ అయితే బ్రావియా సింక్ అని ఉంటుంది. స్టిక్ రిమోట్ నొక్కితే టీవీ ఆన్ అయ్యి నేరుగా ఆ ఇన్‌పుట్‌కే వస్తుంది, వాల్యూమ్ కూడా అందులోంచే. అది కుదిరాక టీవీ రిమోట్‌ని బీరువాలో పెట్టెయ్యమనండి.